ఎవ్వరు లేవలే

మొన్న ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభానికి కట్టిన ఒక ఫ్లెక్సీ నన్ను రోడ్డు దాటనివ్వకుండా ఆపేసింది. ‘ఉజ్జీవ మహాసభలు’ అని పెద్ద అక్షరాలు. వాటి కింద కోటు తొడుక్కున్న ప్రసంగీకుడు, ఆయన చేతిలో మైకు, భుజం మీదుగా ఎగురుతున్న పావురం, అడుగున ఆహ్వానించేవారి ముఖాలు వరుసగా, పాస్‌పోర్టు ఫోటోల గాంభీర్యంతో. ఆయన ఎన్ని దేశాలు తిరిగారో రాశారు. సభలు జరిగే తేదీలు వేశారు, పక్కన వారాల పేర్లు కూడా వేశారు. సంవత్సరం మాత్రం వేయలేదు. నేను అక్కడే నిలబడి మనసులో లెక్క కట్టి చూశాను. ఆ తేదీలకు ఆ వారాలు ఈ యేడాది రావు. అంటే అది పాత ఫ్లెక్సీ అయినా కావాలి, తప్పు ఫ్లెక్సీ అయినా కావాలి. పక్కనే బొప్పాయి ముక్కలు అమ్ముతున్న మనిషిని, ఇది ఏ సంవత్సరానిదయ్యా అని అడిగాను. అతను ఫ్లెక్సీని వదిలేసి నన్ను తేరిపార చూశాడు. "సంవత్సరంతోని ఏం పని పెద్దాయనా, సభలైతే ఏటా అయితనే ఉంటయ్ గదా" అన్నాడు.

సంవత్సరంతో పని లేదనే ఈ ధోరణితో నేను ఏనాటి నుంచో విసిగి ఉన్నాను. ముఖ్యంగా ఊరూరా తిరిగే సువార్తికుల విషయంలో. వాళ్ళు ఎప్పుడు వచ్చారో ఎవరూ రాసి పెట్టుకోరు, ఎప్పుడు వెళ్ళారో అంతకన్నా రాసి పెట్టుకోరు. కానీ వాళ్ళు వదిలి వెళ్ళినవి మాత్రం తరాల పాటు నిలుస్తాయి: పాటలు, పిల్లల పేర్లు, మానిన అలవాట్లు, మానని తగాదాలు, చివరికి ఒక సంఘం. ఏ పాత సంఘానికైనా వెళ్ళి మీకు మొదట ఉజ్జీవం, అంటే విశ్వాసంలో కొత్త ప్రాణం, ఎలా వచ్చిందని అడగండి. "ఒక భక్తుడు నడుచుకుంటూ వచ్చాడు" అంటారు. ఎప్పుడని అడిగితే "అప్పుడే" అంటారు. ఆ ‘అప్పుడే’ అనే మాటతో నేను ఒక యేడాదికి పైగా కుస్తీ పట్టాను. అది తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం, రెండు వేల పదకొండు, పన్నెండు ప్రాంతం. ఆ సంగతి ఇప్పుడు చెప్పకపోతే దానికీ తేదీ లేకుండా పోతుంది.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో కొలతల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా విభాగంలో ప్రతి పనిముట్టు మీదా దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ అతికించి ఉండాలి. తేదీ లేని పనిముట్టుతో తీసిన కొలతను మేము కొలతగా లెక్కపెట్టేవాళ్ళం కాదు. ఈ అలవాటును నేను ఇంటికి కూడా తెచ్చుకున్నానని మా ఇంటావిడ ఫిర్యాదు. అది నిజమే, ఆవకాయ జాడీల మీద తేదీ చీటీలు అంటించింది నేనే. మా సంఘం నాచారంలోనే, రేకుల కప్పు వేసిన ఒక హాలులో కూడుకునేది. గాలి ఒకవైపు నుంచి వీస్తే మందుల కంపెనీ వాసన, మరోవైపు నుంచి వీస్తే బిస్కెట్ల వాసన. బిస్కెట్ల గాలి వీచిన ఆదివారం పిల్లలు ప్రసంగం అసలు వినేవారు కారు. సంఘంలో మాలాంటి కోస్తా కుటుంబాలు కొన్నే. ఎక్కువమంది జనగామ వైపు నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడినవారు, అందులోనూ చాలామంది ఒకే ఊరివారు. ఆ ఊరి పిల్లనే మా అబ్బాయికి చేసుకున్నాము. ఆ విధంగా ఆ ఊరి చరిత్రకూ నాకూ చుట్టరికం కలిసింది.

కోడలి తల్లి, అంటే మా వియ్యపురాలు, చెంగిచెర్లలో కొడుకు దగ్గర ఉండేది. నాకన్నా పెద్దది. అయినా మగపెళ్ళివారి మర్యాద చొప్పున నన్ను ‘అన్నా’ అని పిలిచేది. నేను వయసు చొప్పున ఆమెను ‘అక్కయ్యగారూ’ అని పిలిచేవాణ్ణి. ఇద్దరిలో ఎవరు పెద్దో ఈ పిలుపులను బట్టి ఎవరూ తేల్చలేరని, ఒక పద్ధతి పెట్టుకుందామని పెళ్ళినాడే సూచించాను. "పిలిస్తె పలుకుతున్నవ్ గదన్నా, ఇంక పద్ధతేంది" అని ఆ ప్రస్తావనను అక్కడితో ముగించింది.

సంఘం రజతోత్సవం దగ్గర పడుతుండగా పాస్టరుగారు ఒక సంచిక వేయాలని సంకల్పించారు. మొదటి అధ్యాయం మన పెద్దలకు ఉజ్జీవం ఎలా వచ్చిందో చెప్పాలి, అది రాయవలసింది మీరే, మీకు లెక్కలంటే ఇష్టం కదా అని నాకు అప్పగించారు. నేను ఒప్పుకుంటూ ఒకే ఒక షరతు పెట్టాను: తేదీ గానీ రుజువు గానీ లేని వాక్యం అందులో ఉండకూడదు. ఆయన "స్తోత్రం సార్" అన్నారు. ఆ మాటను ఆయన అవుననడానికీ, చూద్దామనడానికీ, అసలు వినలేదనడానికీ సమానంగా వాడతారని నాకు తరువాత బోధపడింది. మా సంఘంలో ‘సాక్ష్యం’ అనే మాట కూడా అలాంటిదే. కోర్టులో సాక్ష్యమంటే అడ్డు ప్రశ్నలు ఉంటాయి. ఇక్కడ సాక్ష్యం చెప్పినవారిని ప్రశ్న అడిగితే అడిగినవాడి విశ్వాసం మీదే అనుమానం వస్తుంది.

ఆ ఊరివారిలో అందరికన్నా పెద్ద మా వియ్యపురాలే. పైగా అక్కడ మొదట సువార్త చెప్పింది ఆమె తండ్రేనని అందరూ అనేవారు. ఆయన జీవితమంతా కాలినడకన ఊళ్ళు తిరిగిన సంచార సువార్తికుడు, సొంత ఊరికి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదట. ఆమె చెప్పేది రాసుకుందామని ఒక ఉదయం చెంగిచెర్లకు బయలుదేరాను. ఆనాడు బంద్ అని ఉప్పల్ చేరాక తెలిసింది. షేర్ ఆటోలు లేవు. మండుటెండలో బోడుప్పల్ మీదుగా నడిచి చేరేసరికి ఆమె గడప మీద కూర్చుని చింతకాయలు వలుస్తోంది. "నడిసొచ్చినవా అన్నా? మా నాయిన గూడ గిట్లనే తిరుగుతుండె" అంది. నన్ను ఆయనతో పోల్చినందుకు సంతోషించాలో, మంచినీళ్ళు ఇవ్వకముందే పోల్చినందుకు నొచ్చుకోవాలో తోచలేదు.

నీళ్ళు తాగాక అడిగాను. ఆమె చింతకాయ వలుస్తూనే చెప్పింది. "నాయిన చానా దినాలకు ఇంటికొచ్చిండు. మా వాడకట్టు మంది మొత్తం మా ఇంటి ముంగట గూసున్నరు. నాయిన కంజీర కొట్టుకుంట పాట ఎత్తుకున్నడు. పాట నడుస్తనే ఉన్నది, దొర వచ్చిండు. ఎవ్వరు లేవలే. గా దినం నుంచే మా వాడ మొత్తం మారింది."

"ఏ సంవత్సరమండీ?"

"రజాకార్ల గడబిడకు ముంగట."

"ఎంత ముందు?"

"నాకు పాలపండ్లు ఊడుతున్నయ్."

"మీరు ఏ యేట పుట్టారు?"

"మా ఎర్రావు ఈనిన యేడు."

ఆ ఆవు ఎప్పుడు ఈనిందో కూడా అడిగాను. నన్ను చూసి ఆమె కోడలు లోపలి నుంచి నవ్వింది. ఇక లాభం లేదని మనుషుల దగ్గరికి వచ్చాను. దొరగారి పేరేమిటన్నాను. "దొర పేరు ఎవలన్న వలుకుతరా అన్నా? దొర అంటె దొరనే" అంది. ఎలా ఉండేవారన్నాను. "ఎర్రగ, పొడుగు. గుర్రం మీద వచ్చిండు. గప్పటిదాంక మా వాడకు ఎన్నడు రాలే" అంది. ఏమి మాట్లాడారన్నాను. "ఏం మాట్లాడలే. సూసుకుంట నిలవడ్డడు" అంది. ఈ చివరి మాట దగ్గర నాకు కొంత సందేహం కలగకపోలేదు. సభకు వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడిన మిషనరీని గురించి నేను ఎక్కడా వినలేదు.

లేచి వస్తుంటే ఆమె చింతకాయల పళ్ళెం పక్కకు నెట్టి నా సంచి పట్టుకుంది. "అన్నా, మా నాయినకు గోరి లేదు. ఏదో ఊర్ల గత్తర తగిలి పానం బోయిందన్నరు. ఏ ఊరో ఎరుక లేదు. యాడ వెట్టిన్రో ఎరుక లేదు. నీ పుస్తకంల ఆయన పేరుండాలె. నేను ఉండంగనే సూడాలె." తేదీ దొరికితే తప్పకుండా ఉంటుందని అన్నాను. ఆమె తేదీని పట్టించుకోకుండా ‘తప్పకుండా’ అనే మాటనే తీసుకుంది.

అధ్యాయం రాయడానికి కూర్చున్నాను. మా వైపు దొరగారు అంటే ఎవరో ఎవరినీ అడగనక్కరలేదు. దొరగారంటే సముద్రం దాటి వచ్చిన తెల్ల మిషనరీ. మా ఊళ్ళో దొరగారి బంగళా ఉండేది, దొరసానిగారి బడి ఉండేది, మా తాతకు దొరగారు ఇచ్చిన గొడుగు ఉండేది. ఎర్రగా, పొడుగ్గా, గుర్రం మీద వచ్చిన దొర మరొకరై ఉంటాడన్న ఊహ కూడా నాకు రాలేదు. అందుచేత నా శ్రమనంతా ఆయన పేరూ తేదీ కనుక్కోవడానికి వెచ్చించాను. పాత మిషను కార్యాలయానికి ఉత్తరాలు రాశాను. సమ్మె కాలంలో బస్సులు లేకపోతే వాళ్ళనూ వీళ్ళనూ లిఫ్టు అడిగి గ్రంథాలయానికి వెళ్ళి పాత నివేదికలు తిరగేశాను. ఆ తాలూకాలో ఆ రోజుల్లో మిషనరీ ఎవరూ ఉన్నట్టు దాఖలా దొరకలేదు. పత్రాలు పోయి ఉంటాయనుకున్నాను. పత్రాలు పోగొట్టేవారి మీద నాకు ఉన్న కోపం వల్ల ఆ వివరణ నాకు సులభంగా రుచించింది. వియ్యపురాలి తండ్రి పేరు మాత్రం, తేదీ లేదు గనుక, నియమం ప్రకారం ఆపాను.

చిత్తుప్రతిని ఒక ఆదివారం ఆరాధన తరువాత సంఘమంతటికీ చదివి వినిపించమన్నారు పాస్టరుగారు. చదివాను. నా భాష కొంత బరువుగా ఉంటుందని నాకు తెలుసు. చరిత్రకు ఆ బరువు ఉండాలని నా అభిప్రాయం. "శ్వేతజాతీయులైన మిషనరీ దొరగారు అశ్వారూఢులై ఆ గ్రామమునకు వేంచేయగా, వారి సన్నిధిలో జనులు ఆత్మావేశమునకు లోనై, మోకాళ్ళ మీదనుండి లేవలేకపోయిరి. స్థానిక పరిచారకుడొకరు కంజీర వాయించి సహకరించిరి."

వెనుక వరుసలో ఒక ముసలామె పక్కామెను అడగడం హాలంతా వినిపించింది. "ఎవలు లేవలేకపోయిన్రంటుండు? మనకేమన్న కాళ్ళు వడిపోయినయా?"

నవ్వులు ఆగేలోపు మా వియ్యపురాలు లేచింది. "అన్నా, జర ఆగు. గా పరిచారకుడొకరు ఎవలు?"

"మీ నాన్నగారే అక్కయ్యగారూ."

"మరి గా తెల్లాయన ఎవలు?"

"మీరు చెప్పిన దొరగారే."

ఆమె నన్ను చూసింది. పట్నంలో పుట్టిన పిల్లవాడు వరిచేనును చూసి గడ్డి అన్నప్పుడు చూసే చూపు. "మేం తెల్లోన్ని ఎన్నడు సూసినమన్నా? దొర అంటె మా ఊరి దొర. గడిల ఉంటుండె గదా, ఆ దొర. మా భూములు, మా ఎట్టి, అన్ని ఆయన చేతులనే." తరువాత హాలు మొత్తం మీద కళ్ళు తిప్పి, నా మీద నిలిపింది. "నీళ్ళు దీస్కపోయిన్రు. కొలువులు దీస్కపోయిన్రు. గిప్పుడు మా నాయినను గూడ దీస్కపోయి తెల్లోని చేతుల వెడితివా అన్నా?"

హాలు పగలబడి నవ్వింది. కోస్తావాళ్ళు కూడా నవ్వారు. నా కొడుకు నవ్వాడు, కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఇంటావిడ నవ్వును దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. వియ్యపురాలు ఒక్కతే నవ్వలేదు. ఆమె నా చేతిలోని కాగితాల వైపే చూస్తోంది.

అప్పుడు ఆమె నిలబడే చెప్పింది, ఆ ఊరివారు మధ్య మధ్య అందుకున్నారు. వాళ్ళ ఊళ్ళో దొర వస్తున్నాడంటే కూర్చున్నవారు లేవాలి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి, తలగుడ్డ తీసి నడుముకు కట్టుకోవాలి, ఆయన దాటిపోయేదాకా తల ఎత్తకూడదు. పసిపిల్లలకు నడక కన్నా ముందు అది నేర్పేవారు. ఆ రోజు వెట్టిపనికి రమ్మని కబురు వస్తే వాడలో ఎవరూ పోలేదు, పాట వినడానికి కూర్చున్నారు. పనివాళ్ళు రాకపోతే దొర స్వయంగా వచ్చాడు. మాలమాదిగల వాడలో ఆయన గుర్రం అడుగు పెట్టడం అదే మొదలు. "లేవద్దని మా నాయిన ఎవ్వరికి జెప్పలే," అందామె. "పాట ఆపలే, గంతే. పాట నడుస్తుంటె నడుమ ఎట్ల లేస్తరు?"

ఇక ‘లేవలే’ సంగతి. మా గుంటూరు చెవికి అది సగం మాట. తక్కిన సగం ‘కపోయారు’ అని ఉండాలని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. వాళ్ళకు అది పూర్తి మాట. లేవలేదు. లేవగలిగీ లేవలేదు. నేను ఆ మాటకు లేని తోకను తగిలించి, జీవితంలో మొదటిసారి నిటారుగా కూర్చున్న మనుషులను మోకాళ్ళ మీద పడేశాను. ఒకే భాష మాట్లాడుతున్నామని రాష్ట్రాలను కలిపినవారు ఇలాంటి మాటలను ఎవరినైనా అడిగి చూశారో లేదో నాకు తెలియదు.

మర్నాడు పాస్టరుగారింటికి వెళ్ళి, మిషనరీని తీసేస్తున్నానని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. రజతోత్సవ సభలకు ఆయన ఒక పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిచారు, దేశాలు తిరిగినాయన. నా చిత్తుప్రతి విన్న ఉత్సాహంలో ఫ్లెక్సీవాడికి ‘తెల్లదొరలు వేసిన బాటలో’ అని రాయమని చెప్పి వచ్చారట.

"సార్, గా తెల్లదొరను గూడ ఓ మూలకు ఉండనియ్యుండ్రి. వచ్చేటాయనకు జర మంచిగనిపిస్తది."

"ఆయన లేడు కదండీ."

"గా ఊర్ల లేకుంటేంది సార్, ఏదో ఒక ఊర్లకైతే వచ్చే ఉంటరు గదా."

తేదీ లేని మనిషిని నేను అచ్చులోకి ఎక్కించనని కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన వినయంగా తల ఊపి, "స్తోత్రం సార్. మరి అవ్వ వాళ్ళ నాయినకు ఉన్నదా తేదీ?" అన్నారు.

ఆయన వ్యంగ్యం తెలిసిన మనిషి కాదు. నిజంగానే అడిగారు. అందుకే ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వదలలేదు. నా నియమం ప్రకారం తెల్లదొరతో పాటు ఆ తండ్రి కూడా పోవాలి. ఒక వాడ తలెత్తుకున్న సంగతికి మా సంచికలో చోటుండదు. హాలుకు వేసిన రేకుల కొలతలకు ఉంటుంది, వాటికి రసీదులు ఉన్నాయి గనుక. వంటింట్లోకి వెళ్ళి ఈ చిక్కు చెప్పాను. మా ఇంటావిడ పప్పు తాలింపు ఆపకుండా, "మీ అమ్మగారు పుట్టిన తేదీ మీకు తెలుసా?" అంది. తెలియదు. "అయినా ఆవిడ పుట్టిందనే అనుకుంటున్నాం కదా" అంది.

కోపం వచ్చింది గానీ దారి కూడా దొరికింది. పనిముట్టు మీద నమ్మకం లేనప్పుడు మా విభాగంలో ఒక పద్ధతి ఉండేది: ఒకే వస్తువును ఒకరి కొలత మరొకరికి తెలియకుండా వేరువేరు మనుషులతో కొలిపించడం. ఆనాడు అక్కడున్న పిల్లల్లో ఇంకా బతికున్నవారు మా సంఘంలోనూ చుట్టుపక్కలా కొందరున్నారు. ఒక్కొక్కరి ఇంటికీ విడిగా వెళ్ళాను. రామంతాపూర్ చెరువు పక్కన ఉండే ఒకామె, దొర గుర్రం మీద కాదు, ఎడ్ల బండి మీద వచ్చాడంది. దమ్మాయిగూడలో ఒకాయన అది జొన్నకోతల కాలమన్నాడు; ఆయన భార్య వరికోతలంది, నా ముందే ఇద్దరూ వాదించుకున్నారు. పాట ఏదన్నదానికి ఎంతమందిని అడిగానో అన్ని పాటలు వచ్చాయి, పాడి మరీ వినిపించారు. ఇన్ని పొంతనలేని కొలతలు మా కర్మాగారంలో వస్తే యంత్రాన్ని ఆపేసేవాళ్ళం. ఒక్క సంగతిలో మాత్రం ఒక్కరూ తేడా చెప్పలేదు. ఎవ్వరు లేవలే.

అందరిలోనూ నన్ను ఒప్పించింది నాచారంలోనే కాపలా పని చేసి మానుకున్న ఒక ముసలాయన. "నిజం జెప్తున్న సార్, నేను లేద్దామనే సూసిన. లాగు తడిసింది. మా అవ్వ నా రెక్క వట్టి గుంజి కూసోవెట్టింది" అన్నాడు. తనను తాను తగ్గించుకుంటూ చెప్పిన మాటను నమ్మవచ్చునని నా అనుభవం. పైగా ఆయన తరువాతి సంగతి కూడా చెప్పాడు. చీకటి పడకముందే వియ్యపురాలి తండ్రి తన సంచి సర్దుకున్నాడు. తాను ఊళ్ళో ఉంటే గడి మనుషులు వాడ మీద పడతారని, తన కోసం వెతకవద్దని చెప్పి పొలాల గట్ల మీదుగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊరికి రాలేదు. ఆ తరువాత అటువైపు ఎన్ని ఊళ్ళలో ఆ పాటలు వినబడ్డాయో, ఎన్ని వాడలు సంఘాలయ్యాయో, దేనికీ తేదీ లేదు. ఆయన నడిచిన దారిని ఇప్పుడు సంఘాలను చూసే పోల్చుకోవాలి.

అధ్యాయాన్ని కొట్టేసి మళ్ళీ రాశాను. ఈసారి చిన్న వాక్యాలు పడ్డాయి. ఇది జరిగిన సంవత్సరం తెలియదని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, రెండో వాక్యంలో పెట్టాను. ఆయన పాట ఆపలేదు, దొర వచ్చాడు, ఎవరూ లేవలేదు అని రాసి, కింద అలా చెప్పినవారందరి పేర్లూ వేశాను. మా ఇంటావిడ చదివి, "ఇంతకాలానికి నాకర్థమయ్యేది ఒకటి రాశారు" అంది. పాస్టరుగారు ఫ్లెక్సీ మీద ‘తెల్లదొరలు’ అనే చోట తెల్లకాగితం అంటించారు. ‘వేసిన బాటలో’ అనేది మిగిలిపోయింది. ఎవరు వేసిన బాటో చెప్పకుండా అది రెండు వారాలు నాచారం రోడ్డు మీద ఊగింది. ప్రతి ఉదయం దాని కిందుగా నడిచి వెళ్ళడం నాకొక శిక్ష.

రజతోత్సవం రాష్ట్రం ఏర్పడడానికి ముందటి యేడాది జరిగింది. ఆ దేశాలు తిరిగిన ప్రసంగీకుడు ఉప్పల్ ట్రాఫిక్కులో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చి, త్వరగా మాట్లాడి, తరువాతి సభకు వెళ్ళిపోయారు. సంచిక అప్పటికే పంచేశారు. భోజనాల దగ్గర గోలగా ఉంటే మా వియ్యపురాలు హాలులోనే గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చుంది. సంచిక ఒళ్ళో తెరిచి ఉంది. చదవడం ఆమెకు తండ్రే నేర్పాడట, ఎప్పుడో ఇంటికి వచ్చి ఉన్న కొద్ది రోజుల్లోనే. పేరు దగ్గర వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది, మళ్ళీ మొదటి నుంచీ చదివింది. నేను పక్కన కూర్చున్నాను. బాగుందనో, బాగాలేదనో ఏదైనా అంటుందేమోనని చూశాను.

"అన్నా, ఎంతసేపు పాడిండో రాయలే నువ్వు" అంది.

నాకు చిరాకు వచ్చింది. యేడే తెలియని సంగతికి గంటలు ఎక్కడి నుంచి తేవాలి? "అది ఎవరికి తెలుస్తుంది అక్కయ్యగారూ? ఆ రోజు అక్కడ గడియారం ఎవరికుంది?"

"నాకెరుక. దొర మర్లిపోయేదాంక పాడిండు." వేలు ఇంకా పేరు మీదే ఉంది. "మా నాయిన పాడుకుంటనే నన్ను ఒళ్ళె గూసోవెట్టుకున్నడు. దొర మర్లినంక దించిండు. నాకు మా నాయిన దక్కింది గంతే సేపన్నా."

ఆ వాక్యం సంచికలో లేదు, రెండో ముద్రణ వేయలేదు గనుక ఇక ఉండదు కూడా. సంవత్సరం తెలియకుండానే ఒక నిడివి కచ్చితంగా తెలిసి ఉండవచ్చునని నేను అంతకు ముందు అనుకోలేదు. కాలంలో మనిషికి చివరికి మిగిలేది తేదీ కాదు, ఆ నిడివే కాబోలు.